కొలత నాడు సద్దుమణిగిన వీధి

రెండేళ్ల కిందట, చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, బాగ్‌బేరాలోని మా అత్తామావల ఇంట్లో అత్తయ్య భోజనం చేసి వెనక గదిలో మంచం మీద ఒరిగింది. పొద్దుటి నుంచి కొంచెం ఆయాసంగా ఉందంటే ఆమె వేలికి ఆక్సీమీటరు తగిలించాను. కరోనా రోజుల్లో ఇంటింటా కొన్న చిన్న క్లిప్పు అది. రక్తంలో ఆక్సిజన్‌తో పాటు నాడి ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా చూపిస్తుంది. ఆక్సిజన్ బాగానే ఉంది. క్లిప్పు తీసేలోపే ఆమెకు నిద్ర పట్టేసింది. తీస్తే లేస్తుందేమోనని ఉంచేశాను. పక్కన కూర్చుని మా అబ్బాయి స్కూలు చొక్కాకి గుండీ కుడుతున్నాను. నాడి డెబ్బై లోపే నిలకడగా ఉంది.

ఇంటి వెనక రైల్వే యార్డులో, వ్యాగన్లను ఒక పట్టా నుంచి మరో పట్టాకు మార్చే షంటింగ్ ఇంజను హారన్ కొట్టింది. అత్తయ్య కదల్లేదు. గురక కూడా ఆగలేదు. కాని వేలి మీది అంకె డెబ్బై దాటింది, ఎనభై దాటింది, తొంభై దగ్గర కాసేపు నిలబడి మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. పూర్తిగా దిగకముందే మరో హారన్. మళ్ళీ ఎక్కింది. ఆమె మొహం మాత్రం ఎప్పటిలాగే హాయిగా ఉంది. నేను సూది చొక్కాలోనే వదిలేసి ఆ అంకెను చూస్తూ ఉండిపోయాను.

నన్ను భయంతో పాటు అయోమయం కూడా పట్టుకుంది. అంతకు పదిహేను రోజుల ముందే అదే ఇంటి డాబా మీద మీటరు పెట్టి నేనే చప్పుడు కొలిచాను. చప్పుడు హద్దులోనే ఉందని లెక్క తేలింది. అదే రాత్రి అత్తయ్య చేతికి బీపీ పట్టీ కట్టారు. నిద్రలో బీపీ చక్కగా దిగుతోందని అది కూడా చెప్పింది. ఖరీదైన రెండు పరికరాలు బాగుందన్న చోట, మందుల షాపులో కొన్న క్లిప్పు బాగోలేదంటోంది. దేన్ని నమ్మాలి?

అప్పుడు నేను సాక్చీలో ఒక ప్రైవేటు పర్యావరణ పరీక్షల ల్యాబులో ఫీల్డ్ ఎనలిస్టుని. ఇప్పుడు మానేశాను, ఇద్దరు చిన్నపిల్లలతో, మా ఆయన షిఫ్టులతో కుదరలేదు. ఆ ఉద్యోగంలో మెట్లు ఇలా ఉండేవి. అడుగున ఫీల్డ్ అసిస్టెంటు, స్టాండూ బ్యాటరీలూ మోసే మనిషి. ఆ పైన ఎనలిస్టు, కొలిచి పట్టిక తయారుచేసేది. ఆ పైన సీనియర్ ఎనలిస్టు, లెక్క సరిచూసి నిలదీసేది. మాకు ఆ సీనియరు ఘోష్‌దా, అంటే ఘోష్ అన్నగారు. అందరికీ పైన టెక్నికల్ మేనేజరు, ఆయన సంతకం పడందే రిపోర్టు బయటికి పోదు.

ఆ చలికాలం మాకు వచ్చిన పని ఇది. బాగ్‌బేరాలో యార్డు ప్రహరీని ఆనుకుని ఉన్న ఒక వీధి వెనక, ఒక కంపెనీ తన సరుకు కోసం సైడింగు పెంచుకోవాలనుకుంది. సైడింగు అంటే మెయిన్ లైను నుంచి చీలిన పక్క పట్టాలు, వ్యాగన్లు నిలిపి సరుకు ఎక్కించి దించుకునే చోటు. కొత్త పట్టాలు పడకముందు ఇప్పటి చప్పుడెంతో కొలవాలి. దాన్ని బేస్‌లైన్ అంటారు. ఇళ్లున్న ప్రాంతంలో పగలు యాభై అయిదు డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా నలభై అయిదు, ఇవీ ప్రభుత్వం పెట్టిన హద్దులు. ఈ వీధి ఇప్పటికే హద్దు దాటి ఉంటే కంపెనీ తన ఖర్చుతో చప్పుడు ఆపే ఎత్తైన గోడ కట్టాలి. హద్దులోపల ఉంటే గోడ ప్రస్తావన రాదు.

ఆ వీధిలోనే మా అత్తామావల ఇల్లు. మావయ్య శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో ఈ హిందీ మాట్లాడే ఊరికి వచ్చి, రైల్వేలో చేరి, గూడ్సు బళ్ళ డ్రైవరుగా రిటైరయ్యారు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, అలవాటైన చోటు వదల్లేక కాలనీ పక్కనే ఈ ఇల్లు కట్టుకున్నారు. అత్తయ్యకు అప్పటికి రెండేళ్ల ముందు గుండెపోటు వచ్చి స్టెంటు పడింది. మేము అదే ఊళ్ళో బిర్సానగర్‌లో ఉండేవాళ్ళం. పరికరం ఖరీదైనది, తెలిసినవాళ్ళ డాబా అయితే కాపలా అక్కర్లేదని ఘోష్‌దాయే మా వాళ్ళ ఇల్లు ఎంచారు.

సౌండ్ లెవెల్ మీటరు పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కాలిబ్రేటరు అనే చిన్న డబ్బీ మైకుకి తొడిగి, దాన్నుంచి వచ్చే తెలిసిన శబ్దాన్ని మీటరు సరిగ్గా చదువుతోందో లేదో చూడాలి. కొలత అయ్యాక మళ్ళీ చూడాలి. గాలి హోరు లెక్కలోకి రాకుండా మైకుకి స్పాంజి బంతి తొడగాలి. చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చి రెండింతలు కాకుండా స్టాండు గోడలకు ఎడంగా నిలబెట్టాలి. తర్వాత మనిషి దూరంగా పోవాలి. ఒక పగలూ ఒక రాత్రీ మీటరే తనంతట తాను రాసుకుంటుంది, పెట్టి తీసేసరికి రెండు రోజులు పడుతుంది. హెచ్చుతగ్గులన్నీ కలిపి చివరికి ఒక్క అంకెలో చెబుతుంది. దాన్ని మేము లెక్ అనేవాళ్ళం, సమాన స్థాయి అని అర్థం.

ఆ రెండు రోజులూ పిల్లలతో అక్కడే ఉంటాను కదా అని అత్తయ్య బీపీ పరీక్ష కూడా అప్పుడే పెట్టించాను. పొద్దున్న మంచం దిగగానే కళ్ళు తిరుగుతున్నాయని ఆమె కొన్నాళ్ళుగా అంటోంది. రాత్రి వేసుకునే బిళ్ళ ఎక్కువైందేమోనని డాక్టరుగారి అనుమానం. చేతికి కట్టే ఆ పట్టీ పగలూ రాత్రీ ఉండుండి తనే బిగుసుకుని బీపీ రాసుకుంటుంది. మామూలుగా నిద్రలో బీపీ దిగాలి. దిగకపోతే గుండెకు విశ్రాంతి లేనట్టు.

ఆ రెండు రోజులూ వీధి నెమ్మదిగా ఉందన్నది నేను గమనించకపోలేదు. పిల్లలు గుసగుసలాడుకుంటూ క్రికెట్ ఆడారు. ఎదురింటి మైకు మోగలేదు. బోర్డు పరీక్షల రోజులు కదా, పిల్లలు చదువుకుంటున్నారని ఊరుకున్నారనుకున్నాను. నా పిల్లలు కూడా బుద్ధిగా ఉంటే దేవుడికి దండం పెట్టుకున్నాను.

లెక్క తేలాక ఘోష్‌దా అద్దాలు నెత్తి మీదకు తోసుకుని చాలాసేపు చూశారు. "యే యార్డ్ హై యా లైబ్రరీ?" అన్నారు. ఇది యార్డా, లైబ్రరీయా అని. కాలిబ్రేటరు చీటీలు రెండూ అడిగారు. సరిగ్గానే ఉన్నాయి. స్పాంజి బంతి తడిసిందా అన్నారు. లేదన్నాను. అయితే అంకె అంకేనని పక్కన పెట్టారు. డాక్టరుగారు పట్టీ లెక్క చూసి సంతోషించారు. రాత్రి బీపీ బాగా దిగుతోంది, ఇంత మందు అక్కర్లేదు, రాత్రి బిళ్ళ సగం చేయండి అన్నారు. మేము కూడా సంతోషించాము. మావయ్య ఆ సాయంత్రం జిలేబీలు తెచ్చారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో ఒకటి, నేను మొదట చెప్పినది.

క్లిప్పు మెల్లిగా తీసి, లాప్‌టాప్ పట్టుకుని ముందు వరండాలో కూర్చున్నాను. మీటరు తప్పు చెప్పడానికి దారులేమున్నాయా అని వెతకడం మొదలుపెట్టాను. మనిషి చెవికి లోతైన స్వరాలు తక్కువగా వినిపిస్తాయి కాబట్టి మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కవేస్తుంది. ఊరికే ఆగి గుడగుడమనే డీజిల్ ఇంజను చప్పుడంతా ఆ లోతు స్వరమే. బహుశా అక్కడ ఏదో జారిపోయిందనుకున్నాను. కాని హారన్ లోతు స్వరం కాదు. అది జారిపోయే వీల్లేదు. పట్టికలో ఆ రాత్రి హారన్లు ఉన్నాయి, కాని అన్నీ దూరపువి. ఇవాళ అదే హారన్ చెవి పక్కన మోగుతోంది. యార్డు అదే, పట్టాలు అవే. నా బుర్రలో ఏదీ అతకలేదు.

అప్పుడు మా అబ్బాయి బబ్లూ, నాలుగేళ్లవాడు, బంతి పోయిందని గట్టిగా అరిచాడు. రెండో తరగతి చదివే మా అమ్మాయి మిన్ను, మీటరు వినేస్తుంది ఊరుకోమంటూ వాడి నోరు మూసింది.

"చుప్! మీటర్ సున్ లేగా."

"మీటర్ తో చలా గయా," అన్నాడు వాడు విడిపించుకుంటూ, మీటరు వెళ్ళిపోయింది కదా అని.

మా పిల్లలతో మేము తెలుగులో మాట్లాడతాం, వాళ్ళు హిందీలో జవాబిస్తారు. ఆ వీధి పిల్లలందరూ అంతే. "మీటరు వింటే ఏమవుతుందే?" అని అడిగాను.

"ఫెయిల్ కర్ దేగా. తాతయ్య నే బోలా థా. పూరీ గలీ కో బోలా థా."

గోల చేస్తే మీటరు మనల్ని ఫెయిల్ చేస్తుందని వీధి మొత్తానికి తాతయ్య చెప్పారట. ఎవరెవరికి అని అడిగితే అది వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. ఎదురింటివాళ్ళ మైకు, మూలింటివాళ్ళ బుల్లెట్ బండి, వెల్డింగ్ షాపు, రెండు కుక్కలు. కుక్కల్ని యార్డు అవతల చుట్టాలింటికి పంపించేశారట. చెబుతున్నప్పుడు దాని మొహం వెలిగిపోయింది. అంత పెద్ద పనిలో తనకూ వాటా ఉంది మరి.

మావయ్య కూరగాయల సంచీతో వచ్చారు. నేను అడిగాను. ఆయన తడబడలేదు.

"అవునమ్మా, సెప్పేను. అయితే ఏటి?"

"ఎందుకు మావయ్యా?"

"ఎందుకేటి? ఇన్‌స్పెక్షన్ వత్తందంటే ఊరుకుంటారేటి ఎవులైనా? నా సర్వీసంతా సూసేను కదా. పెద్ద సాహెబు వత్తన్నాడంటే రాళ్ళకి సున్నం కొట్టీవోళ్ళం, ఆకు కింద పడనిచ్చీవోళ్ళం కాదు. నా కోడలు మెషీను మోసుకొచ్చి నా డాబా మీద పెడితే, వీధి వీధంతా గోలెడతంటే పరువేటవుతాది? నీకు మంచి మార్కులు రావాలనే కదా!"

"మరి ఇంజను? ఆ రెండు రోజులూ ఇంజను మన వెనక ఆగలేదు."

అక్కడ ఆయనకు కాస్త గర్వం కూడా వచ్చింది. "ఆ ఇంజను మీదున్నోడు నా దగ్గర అసిస్టెంటుగా సేసినోడే. పన్లేనప్పుడు ఆ కొసన ఆపుకోరా అన్నాను. హారన్ కొట్టొద్దన్నేదు, అది రూలు. ఇంజను ఎక్కడ నిలబెట్టాలన్నదానికి రూలేటి నేదు."

రైల్వేలో పెరిగిన వీధి అది. ఇన్‌స్పెక్షన్ అంటే వాళ్ళకు ఒకటే అర్థం. పైనుంచి ఎవరో చూడ్డానికి వస్తారు, చూసినంతసేపు అంతా మెరిసిపోవాలి, వెళ్ళాక మళ్ళీ మామూలు. చప్పుడు కొలిచేవాళ్ళొస్తే చప్పుడుకే సున్నం కొట్టేశారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"మావయ్యా, ఇందులో మార్కులుండవు. చప్పుడు ఎక్కువని తేలితేనే గోడ కడతారు. తక్కువని తేలితే మనల్ని వదిలేస్తారు."

ఆయన సంచీ కింద పెట్టారు. "ఎక్కువొత్తే మనకి మంచిదా?"

"ఈ లెక్కలో మంచిదే."

"మరా ముక్క ముందే సెప్పాల కదా?"

"ముందే చెబితే మీరు ఎక్కువ చేయించేవారు."

వెనక గదిలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. ఎప్పుడు లేచిందో అంతా వింటోంది. "సేయించీవోడే! డీజేని పిలిపించి డాబా ఎక్కించీవోడు. నీకు తెల్దే మీ మావ సంగతి."

"నువ్వూరుకో," అన్నారు మావయ్య. "అరిసెలు వండిపెట్టి అందరికీ పంచిందెవులు? 'మా కోడలు పరీక్ష, మాటాడకండర్రా' అని తిరిగిందెవులు?"

ఆవిడ కూడా ఉందన్నమాట ఇందులో. ఆ మాట విన్నాకే నా మనసు మీటరు మీద నుంచి పట్టీ మీదకు పోయింది. ఇంతసేపూ గోడ గురించి మాట్లాడుతున్నాను. ఆ రాత్రి అత్తయ్య చేతికి పట్టీ ఉంది. సున్నం కొట్టిన రాత్రి బీపీ దిగింది. ఆ రాత్రిని చూసి డాక్టరు బిళ్ళ సగం చేశారు. మిగతా రాత్రులన్నీ ఇంజను మంచానికి పది గజాల దూరంలో గుడగుడలాడుతూ ఉంటే, ఆవిడ పది రోజులకు పైగా సగం బిళ్ళతో పడుకుంటోంది.

అది మావయ్యకు ఎలా చెప్పాలో తెలియలేదు. తిన్నగానే చెప్పేశాను. ఆయనకు ముందు అర్థం కాలేదు. "అదీ పాసైంది కదమ్మా? డాట్రు బాగుందన్నాడు కదా?" అన్నారు.

"అందుకే భయంగా ఉంది మావయ్యా. అది పాసవ్వాల్సింది కాదు."

ఆయన వెళ్ళి మంచం పక్క గూట్లోంచి బిళ్ళల అట్ట తీసుకొచ్చారు. బ్లేడుతో సగానికి కోసి, కాగితంలో పొట్లం కట్టి దాచిన ముక్కలు అందులోనే ఉన్నాయి. రోజూ ఆయనే కోస్తారు. వాటిని అరచేతిలో పోసుకుని నిలబడ్డారు. తర్వాత వాటిని తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేశారు.

ఇంట్లో ఉన్న మెషీనుతో బీపీ చూస్తే ఎక్కువగానే ఉంది. ఆదివారం కాబట్టి మా డాక్టరుగారు లేరు. ఆస్పత్రికి ఫోను చేస్తే డ్యూటీ డాక్టరు దొరికారు. నేను చెప్పిందంతా విని, ఇంజను ఎక్కడ ఆగిందన్నది రెండుసార్లు అడిగారు. మొదటిసారి ఆయనకు అర్థం కాలేదనుకుంటాను. ఛాతీలో నొప్పి ఉందా అన్నారు. లేదన్నాను. ఈ రాత్రికి పాత మోతాదు వేయండి, నొప్పిగాని చెమటగాని వస్తే ఆగకుండా తీసుకురండి, లేకపోతే పొద్దున్నే రండి అన్నారు. మంచం ముందు గదిలోకి మార్చాము. అత్తయ్యకు ఇదంతా నచ్చలేదు.

"నాకేటైందని? ఆ రెండు రోజులే నాకు నిద్దర పట్నేదు. ఇల్లంతా బోసి. ఇంజను సద్దు లేకపోతే ఏదో అయిపోయినట్టుంటాది. ఈయన డ్యూటీ మీద పోయిన రోజుల్లోంచీ అంతే."

ఇది నాకు మరీ చిక్కుముడి అయింది. ఆవిడ నిద్ర పట్టలేదన్న రాత్రే ఆవిడ బీపీ దిగింది. హాయిగా నిద్రపోతున్న మధ్యాహ్నం ఆవిడ నాడి పరుగెత్తింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆవిడకు ఏది నెమ్మదో ఆవిడకే తెలియదా, లేక నాకే కొలవడం రాదా? ఆ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టాక, క్లిప్పు బబ్లూ వేలికి పెట్టి ఒక్కసారి చూద్దామనిపించింది. పెట్టలేదు. బిర్సానగర్‌లో మా కిటికీ కింద నుంచి లారీలు పోతుంటాయి. ఇప్పటికీ పెట్టలేదు.

మర్నాడు మా డాక్టరుగారు నా అయోమయంలో కొంత తీర్చారు. చెవికి మూత ఉండదన్నారు. మనసుకు అలవాటైపోయిన చప్పుడునైనా నిద్రలో శరీరం వింటూనే ఉంటుంది, విన్నప్పుడల్లా ప్రమాదం వచ్చినట్టే సర్దుకుంటుంది, నాళాలు బిగుస్తాయి, నాడి లేస్తుంది. ఒక్కసారికి ఏమీ కాదు. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ అదే జరిగితే బీపీకీ గుండెకూ చేటు చేస్తుంది. మరి స్టెంటు పడింది ఆ యార్డు వల్లేనా అని అడిగాను. అలా చెప్పలేనన్నారు. సుగరుంది, వయసుంది, వాళ్ళ ఇంట్లో గుండె జబ్బులున్నాయి. ఎన్నో కలిసిన చోట ఇది ఒకటి. "పట్టీ కట్టి పంపిస్తాం గాని, మీ ఇంటి వెనక ఇంజను ఎక్కడ నిలబడిందో నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. మాత్ర పాతదే ఉంచి, ఇంటి మామూలు రోజుల్లో మళ్ళీ పట్టీ కట్టించమన్నారు. కట్టించాము. ఈసారి రాత్రి బీపీ దిగనే లేదు. మందు మార్చారు, మంచం ముందు గదిలోనే ఉంచమన్నారు.

ఆఫీసులో ఘోష్‌దా కోపగించుకుంటారనుకున్నాను. ఆయన మొత్తం విని, "కుత్తోఁ కో భీ?" అన్నారు. కుక్కల్ని కూడానా అని. తర్వాత ఆ రెండు రోజుల లెక్కను, అసాధారణ పరిస్థితుల్లో తీసినది కాబట్టి చెల్లదని రాసి కొట్టేశారు. మా బంధువుల ఇల్లు కాబట్టి ఈసారి నన్ను పంపలేదు, వేరే ఎనలిస్టును పంపారు.

కాని అక్కడ ఇంకో తిప్పలు మొదలైంది. మావయ్య తన తప్పు దిద్దుకుందామని ఇంటింటికీ వెళ్ళి, ఎప్పట్లాగే ఉండండర్రా అని చెప్పొచ్చారు. ఎప్పట్లాగే ఉండటమంటే ఎలాగో ఎవరికీ తెలియలేదు. ఎదురింటావిడ నాకు ఫోను చేసి, మిక్సీ పొద్దున్న ఒకసారి వెయ్యమంటారా రెండుసార్లా అని అడిగింది. మైకు ఎంత పెట్టాలన్న దాని మీద గొడవ కూడా అయిందట. ఇది విని ఘోష్‌దా మీటర్ని వారం పాటు వదిలేయమన్నారు. ఎవరూ వారమంతా జాగ్రత్తగా ఉండలేరన్నది ఆయన లెక్క. అదే జరిగింది. మూడో రోజుకల్లా మీటర్ని అందరూ మరిచిపోయారు. ఎవరో స్టాండుకి తాడు కట్టి లుంగీలు ఆరేశారు. ఆ తర్వాతి రోజుల లెక్కే రిపోర్టులోకి పోయింది. పగలూ రాత్రీ హద్దు దాటింది, రాత్రి మరీ దాటింది.

గోడ కట్టారు, వీధి మొత్తానికి కాదు, సగానికి. మా వాళ్ళ ఇల్లు ఆ సగంలో ఉంది. అత్తయ్య బీపీ ఇప్పుడు మెరుగు. అది గోడ వల్లో, మందు వల్లో, మంచం మార్చడం వల్లో నేను చెప్పలేను. గోడ కట్టాక ఇల్లు బావిలా ఉందని ఆవిడ రోజూ సణుగుతుంది. మావయ్య మాత్రం ఆ బిళ్ళల ముక్కలు పారేసిన రోజు నుంచి మాత్రల జోలికి పోవడం లేదు, నన్నే అడుగుతారు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. మీటరుగాని పట్టీగాని అబద్ధం చెప్పవు, తమను పెట్టిన రోజు సంగతి మాత్రమే చెబుతాయి. ఆ రోజు మిగతా రోజుల్లాంటిదేనా కాదా అన్నది పరికరం చెప్పలేదు, అక్కడివాళ్ళను అడగాలి. పెద్దవాళ్ళతో పాటు పిల్లల్ని కూడా అడగాలి. ఆ తర్వాత ఉద్యోగం మానేసేదాకా ఏ డాబా మీద స్టాండు పెట్టినా నా మొదటి ప్రశ్న అదే అయింది: మేం వస్తున్నామని మీరేం చేశారు?

క్లిప్పు చూసిన ఆదివారం మర్నాడు, సోమవారం పొద్దున్న, అత్తయ్యను ఆస్పత్రికి తీసుకెళ్ళే ముందు, మిన్నుకు జడలు వేసి, ఇద్దరికీ బూట్లు తొడుగుతున్నాను. బాగ్‌బేరా నుంచే బడికి పంపాలి. మిన్ను రాత్రంతా మా మాటలు వింటూనే పడుకున్నట్టుంది. బూటు తాడు కడుతుంటే నా చెవి దగ్గర వంగి చాలా మెల్లిగా అడిగింది.

"మమ్మీ, హమ్ లోగ్ చుప్ రహే, ఇసీలియే నాన్నమ్మ బీమార్ హో గయీ?"

మేము మాట్లాడకుండా ఉండబట్టే నాన్నమ్మకు జబ్బు చేసిందా అని. రాత్రంతా నన్ను నేను ప్రశ్నించుకున్నదాని కంటే ఇది తిన్నగా ఉంది. బబ్లూ కూడా బొటనవేలు నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు. అప్పుడు ఇద్దరికీ కలిపి ఇలా చెప్పాను: "కాదు. మీరు నెమ్మదిగా ఉన్న రెండు రోజులూ నాన్నమ్మ గుండె హాయిగా ఉంది. రోజూ అలా ఉండదన్న మాట డాక్టరుకు ఎవరూ చెప్పలేదు, ఇవాళ వెళ్ళి నేను చెబుతాను. నాన్నమ్మ పడుకున్నప్పుడు మెల్లిగా మాట్లాడండి. మీటరు ఉన్నప్పుడు మాత్రం మీ ఇష్టం వచ్చినట్టు అరుచుకోండి."